ఖాళీగా వదిలిన పందొమ్మిది గళ్ళు

నలభైమూడో కన్నంలోకి తీగ దూరుస్తున్నప్పుడు ఫోన్ మోగింది. స్పైరల్ బైండింగ్ చేసేటప్పుడు చెయ్యి మధ్యలో ఆపొద్దు. ఆపితే తీగ జారి మళ్ళ మొదటి కన్నం దగ్గరికి వస్తది. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్యన ఇరికించుకొని హలో అన్న.

"లిస్టు పెట్టిన్రు. మనదాని నంబర్ లేదు," అన్నడు విన్సెంట్.

మా ఆయన పంజాగుట్టలో ఒక మాల్‌లో ఏసీ మెకానిక్. మాటల వెనక మోటారు చప్పుడు వినిపిస్తున్నది. "మూడుసార్లు చూసిన. లేదు. మొత్తం పైరవీల లిస్టే. డెబ్భై నాలుగు మార్కులొచ్చిన పిల్లకు సీటు లేదంటే ఇంకేమనుకోవాలె?" అని, నేను నోరు తెరవకముందే పెట్టేసిండు.

నేను తీగను చివరి కన్నం దాకా తిప్పి, కొసను కట్టర్‌తో కత్తిరించి వంచిన. ఎవరో అమ్మాయి సాఫ్ట్‌వేర్ కోర్సు మెటీరియల్ అది. అమీర్‌పేటలో మా సందులో ఒక్క రోజుకు ఎన్ని పుస్తకాలు తయారైతయో లెక్కలేదు. ఎక్కడెక్కడి ఊర్ల నుంచో వచ్చిన పిల్లలు మూడు నెలల్లో ఉద్యోగం తెచ్చే కాగితాలు ఇక్కడే జిరాక్సు తీయించుకుంటరు. వాటికి కన్నాలు కొట్టి, తీగ ఎక్కించి, ముందూ వెనకా ప్లాస్టిక్ అట్టలు వేసేది తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన నేను. ప్రతి పుస్తకంలో మొదటి పేజీ చదువుత. అర్థమైనా కాకున్నా చదువుత. అదొక అలవాటు.

సీటు రాలేదని వినంగనే నాకు ఏడుపు రావాలె. రాలేదు. దానికంటే ముందు ఇంకోటేదో వచ్చి పోయింది. కిక్కిరిసిన బస్సులో ఎవరో లేచి సీటిస్తే కూర్చున్నప్పుడు మోకాళ్ళకు ఒక సుఖం తెలుస్తది చూడండి, అట్లాంటిది. ఒక్క క్షణమే. తర్వాత గుండె జారింది, చేతులు చల్లబడ్డయి, కన్నతల్లికి ఏం కావాలో అన్నీ అయినయి. కానీ ముందు వచ్చింది మాత్రం ఆ సుఖం. అది ఏందో, నాలో ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతు పట్టలేదు.

"ఏంటి డయానా గారూ, అలా నిలబడిపోయారు?" అన్నరు మా ఓనర్ వీర్రాజు గారు. ఆయనది గోదావరి దిక్కు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నా ఆ 'గారు' అనడం మాత్రం వదల్లేదు.

"పాపకు గురుకులంల సీటు రాలేదట సార్."

"అయ్యయ్యో. ఇంటికి వెళ్తారా పోనీ? వెళ్ళండి. కాకపోతే ఆ ఒరాకిల్ సెట్లు నాలుగూ మూడింటికల్లా ఇచ్చేయాలండి మరి."

నాలుగు సెట్లూ కట్టి, మూడున్నరకు బల్కంపేటలో మా ఇంటికి పోయిన.

మా షెర్లిన్‌కు పన్నెండేండ్లు. ఎనిమిదో తరగతి సీట్ల కోసం గురుకులం పరీక్ష రాసింది. అందులో చేరితే ఇంటర్ దాకా తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటరు. ల్యాబులుంటయి, లెక్కలకు వేరే టీచర్ ఉంటది. ఇప్పుడున్న సర్కారు బడిలో లెక్కలు చెప్పేది డ్రాయింగ్ సారు. పోయిన ఎండాకాలం నుంచి నేను షాపులో పాడైన జిరాక్సు కాగితాలు ఇంటికి తెస్తున్న. ఎవరో పాత ప్రశ్నపత్రాలు కట్టించుకోవడానికి ఇస్తే సార్‌ను అడిగి ఒక కాపీ తీసుకున్న. సాయంత్రం చపాతీలు చేసేటప్పుడు షెర్లిన్ ప్రశ్న చదివేది, నేను పిండి ఒత్తుకుంటనే జవాబు చెప్పేదాన్ని. తర్వాత అది తన జవాబు చెప్పేది. ఇద్దరివి వేరే వేరే వస్తే పాడైన కాగితం వెనక్కి తిప్పి చేసి చూసేటోళ్ళం. ఒకసారి రైలు, వంతెన లెక్కలో నాదే కరెక్ట్ వచ్చింది. ఆ రోజు చపాతీ మాడింది. అత్తమ్మ "ఏమే, పరీక్ష నీకా దానికా?" అన్నది.

ఆ సాయంత్రం మా రెండు గదుల ఇంట్ల ఎవరి కారణం వాళ్ళు చెప్పిన్రు. విన్సెంట్ డ్యూటీ నుంచి వస్తనే బూట్లు విడవకుండ మొదలుపెట్టిండు. పైరవీ అన్నడు, పైసలన్నడు, కోటా అన్నడు. పక్కింటి బుచ్చమ్మ మనుమరాలికి అరవై ఒకటే వచ్చినా సీటొచ్చిందని తెలిసినంక గొంతు ఇంకా లేచింది.

"అరవై ఒకటికి వస్తదంట, డెబ్భై నాలుగుకు రాదంట! ఏం లెక్కనే ఇది? నువ్వు నేర్పిన లెక్కనా?" నా దిక్కు తిరిగిండు. "పదో తరగతి సుత కానిదానితోని చదివిపిస్తే గింతే ఉంటది."

మార్కులు మంచిగనే వచ్చినయి కదా, చదివించింది తప్పెట్ల అయితది అని అడగాలనిపించింది. అడగలేదు. పెళ్ళైనప్పటి నుంచి నేను ఇట్ల అడగనివన్నీ కడితే ఎంత లావు పుస్తకమైతదో అనుకుంటుంట అప్పుడప్పుడు.

అత్తమ్మ జీవమణికి ఇంకో బాధ. ఆమె మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మనవరాలి సీటు కోసం మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేయించింది. "దేవుడు సీటిచ్చిండని వచ్చే ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్తనని పాస్టరయ్యగారికి పేరు సుత ఇచ్చిన. ఇప్పుడేమని లేవాలె? ఏమని నిలబడాలె?" అని నెత్తి పట్టుకున్నది.

షెర్లిన్ మూడేండ్ల తమ్మునికి, మా మార్క్‌కు, పెరుగన్నం తినిపిస్తున్నది. అంగన్‌వాడీ నుంచి తెచ్చి, నేను షాపు నుంచి వచ్చేదాకా వాణ్ణి చూసేది అదే. వాళ్ళ నాయన పదో తరగతి అన్నప్పుడు ఒక్కసారి నా మొహం చూసింది. మళ్ళ తల దించుకొని మార్క్ మూతి తుడిచింది.

ఇంట్ల అందరికి కోపముంది. నాకెందుకో కోపం కంటే తెలుసుకోవాలన్న యావ ఎక్కువైంది. నిజంగా ఎట్ల ఇస్తరు సీట్లు? కంప్యూటర్ ముందు ఎవరిని పిలుస్తది? డెబ్భై నాలుగు ఎక్కడ ఆగింది, అరవై ఒకటి ఎట్ల దాటింది? పొద్దున సార్‌కు చెప్పి ఒక పూట సెలవు తీసుకొని గురుకులం ఆఫీసుకు పోయిన. ఇంట్ల చెప్పలేదు.

ఆఫీసు ముంగట తల్లిదండ్రులు గుంపులు గుంపులుగా ఉన్నరు. చేతుల్లో హాల్ టికెట్లు, కుల సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు. నా ముందున్నాయన పేరు రాజనర్సయ్య అని ఆయన కాగితం మీద చదివిన. వాచ్‌మన్ యూనిఫాం మీదనే వచ్చిండు.

"లాటరీ తీసిన్రా, చిట్టీలేసిన్రా, జర ఖుల్లాగ చెప్పుండ్రి మేడం! నైట్ డ్యూటీ చేసి పొద్దుగాల నా బిడ్డకు చదువు చెప్పిన. మేం ఏం పాపం చేసినం?"

వెనక నుంచి ఇంకెవరో "గట్టిగ అడుగన్నా" అన్నరు. కిటికీ అవతల ఉన్నామె, మెడలో కార్డు మీద ఉదయలక్ష్మి అని ఉంది, ఏ భావమూ లేని గొంతుతో ఒకటే మాట చెప్తున్నది. "శనివారం మిగిలిన సీట్లకు పిలుస్తున్నం. పిల్లను తీసుకొని రండి. నెక్స్ట్."

నా వంతు వచ్చింది. హాల్ టికెట్ లోపలికి జరిపి, "మేడం, సీట్లు ఎట్ల ఇస్తరు?" అన్న.

"రాలేదామ్మా? శనివారం..."

"రాలేదు మేడం. అది తెలుసు. కంప్యూటర్ ఎట్ల చూస్తదో చెప్తరా? ముందు మార్కులు చూస్తదా, బడి చూస్తదా?"

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. పొద్దటి నుంచి ఆమెను ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు, తిట్టడం తప్ప. కుర్చీ ముందుకు జరుపుకున్నది.

"ముందు మార్కులు. ఎక్కువ వచ్చినోళ్ళు ముందు. ఒక్కొక్కళ్ళ వంతు రాంగనే వాళ్ళు ఫారంల రాసిన మొదటి బడి చూస్తది. అందులో ఖాళీ ఉంటే ఇస్తది. నిండితే రెండో బడి. అదీ నిండితే మూడోది. అట్ల ఇరవై దాకా ఇవ్వొచ్చు." నా నంబర్ కొట్టింది. కాసేపు తెర చూసి, తెరను నా దిక్కు తిప్పింది. "ఇగో, మీ పాప వంతు మంచిగ ముందే వచ్చింది. కానీ మొదటి బడి అప్పటికే నిండింది. రెండోది చూద్దామంటే..."

మొదటి గడిలో మా ఇంటికి దగ్గరున్న బడి పేరు. దాని కింద గళ్ళు. ఖాళీగా, తెల్లగా. నేను లెక్కపెట్టిన. పందొమ్మిది.

"ఈ మార్కులకు పదకొండు బళ్ళల్ల ఏదో ఒకటి వచ్చేది," అన్నది ఉదయలక్ష్మి. "ఎవరమ్మా ఫారం నింపింది?"

"నేనే," అన్న.

పక్కకు జరిగినా రాజనర్సయ్య ఇంకా అరుస్తున్నడు. ఆయన అరుపు నా మీదనే అనిపించింది.

అక్కడి నుంచి బస్సెక్కి పంజాగుట్టలో దిగి, మెట్రో పిల్లర్ల నీడలో నడిచిన. షాపుకు పోనీకె ఇంకా ఒక గంట టైముంది. ఫారం నింపిన రోజు గుర్తుచేసుకున్న. ఇంటర్నెట్ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి, "అక్కా, ఇంకా ఇవ్వొచ్చు, బళ్ళ పేర్లు చదవాల్నా?" అని అడిగింది. నేను వద్దన్న. ఒక్కటి చాలన్న. ఎందుకన్న?

ముందు దొరికిన జవాబు అత్తమ్మ. ఫారం నింపే ముందురోజే ప్రార్థనల తర్వాత ఆమె నాతోని అన్నది, "దేవుణ్ణి అడిగేటప్పుడు ఒక్కటే అడుగాలె డయానా. ఇది గాకపోతే అది, అది గాకపోతే ఇంకోటి అంటే అది విశ్వాసం గాదు, బేరం." ఆ మాట నాకు మస్తు నచ్చింది. ఇరవై గళ్ళు నింపుడంటే నాకు నమ్మకం లేదని దేవునికి రాసిచ్చినట్టే అనిపించింది. కాబట్టి ఒక్కటే రాసిన. బాగుంది జవాబు. చర్చిలో చెప్పుకున్నా బాగుంటది.

కానీ ఆ బస్సు సీటు సుఖం ఈ జవాబులో ఇముడుతలేదు. విశ్వాసంతో అడిగినోళ్ళకు దొరకకపోతే బాధ కలగాలె, సుఖం ఎట్ల కలుగుతది? ఇంకా లోపలికి చూసిన. రెండో జవాబు దొరికింది. షెర్లిన్ పోతే మార్క్‌ను ఎవరు చూస్తరు? అత్తమ్మ మోకాళ్ళతో వాని వెంట ఉరకలేదు. నేను పని మానాలె. పని మానితే నాకు ఆ మొదటి పేజీలు సుత ఉండవు. ఈ జవాబు చేదుగ ఉంది, కానీ ఇంకా అడుగు తాకలేదు.

మూడోది దొరికినప్పుడు నేను రోడ్డు దాటబోతున్న. ఆగి, పిల్లర్‌కు ఆనుకొని నిలబడిన. ఆ ఇంట్ల రోజు మొత్తంలో ఒక్క అరగంటసేపు నన్ను ఎవరో ఒకరు "నీకేమనిపిస్తుంది మమ్మీ?" అని అడుగుతరు. కూరలో ఉప్పు గురించి కాదు, రైలు గురించి, వంతెన గురించి, చంద్రుడు ఎందుకు తగ్గుతడనే దాని గురించి. షెర్లిన్ పోతే ఆ అరగంట పోతది. నేను నా బిడ్డ సీటును కాదు, నా అరగంటను కాపాడుకున్న. సీటు రాలేదని వినంగనే మోకాళ్ళకు వచ్చిన సుఖం అదే.

మా అమ్మ యాదికొచ్చింది. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు అమ్మకు ఒక దవాఖానాలో ఆయా పని దొరికింది. తమ్ముడు చిన్నోడు. "ఒక్క ఏడాదే బిడ్డా, మళ్ళ పోదువు," అన్నది. నేను ఇన్నేండ్లు అమ్మకు వేరే దారి లేదనే అనుకున్న. ఆ రోజు మాత్రం, నేను బ్యాగు గోడకు తగిలించినప్పుడు అమ్మకు సుత ఒక్క క్షణం ఇట్లనే హాయిగ అనిపించి ఉంటదా అనిపించింది. అడుగుదామంటే అమ్మ లేదు. కోపం రాలేదు. ఊరికే తెలుసుకోవాలనిపించింది.

సాయంత్రం ఇంట్ల అందరి ముంగట చెప్పేసిన. "పైరవీ లేదు, ఏం లేదు. నేను ఒక్కటే బడి రాసిన. ఇరవై రాయొచ్చట."

విన్సెంట్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. అరుస్తడనుకున్న. నవ్విండు. అది అరుపు కంటే ఎక్కువ తాకింది. "నేను ఊరంత తిట్టుకుంట తిరుగుతున్న. దొంగ ఇంట్లనే ఉందన్నమాట."

"అత్తమ్మనే కదా ఒక్కటే అడగాలన్నది..." అని నాకు తెలియకుండనే నోటి నుంచి వచ్చింది.

అత్తమ్మ చేతిలో బైబిల్ మూసి అద్దాలు తీసింది. "నేను దేవుణ్ణి అడుగుమన్న డయానా. ఫారం నింపకుమనలే. ఆయనకు తలుపు తీయనీకె ఇరవై తావులుంటే, పందొమ్మిదింటికి నువ్వే తాళమేసి తాళంచెవి నా చేతుల పెడుతున్నవా?"

ఆమె అన్నదాంట్లో ఒక్క తప్పు లేదు.

"శనివారం మిగిలిన సీట్లు ఇస్తరట," అన్న నేల చూసుకుంట. "పోత."

"మిగిలినయంటే ఎక్కడెక్కడో అడవులల్ల ఉంటయి," అన్నడు విన్సెంట్. "ఆడపిల్లను అంత దూరం ఎవడు పంపుతడు? నాకు డ్యూటీ ఉంది. మీరు సుత పోకుండ్రి. మళ్ళ సంవత్సరం చూద్దాం. ఒక్క ఏడాదే కదా."

ఒక్క ఏడాదే. ఆ మాట వినంగనే నా వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టైంది.

శుక్రవారం పొద్దున మాకు నల్లా వస్తది. ఐదింటికి నేను, షెర్లిన్ కిందికి దిగి పైపు పట్టుకొని డ్రమ్ములు నింపుతం. నీళ్ళు సన్నగ వస్తున్నయి. చెప్పాలనుకున్నది చెప్పనీకె మంచి టైము దొరికింది.

"షెర్లీ, నీకు సీటు రాకపోవడానికి నానమ్మ కాదు, దేవుడు కాదు. నేనే. కావాలనే ఒక్కటి రాసిన. అప్పుడు నాకు తెల్వలేదు, కానీ కావాలనే."

అది పైపు ఒక డ్రమ్ము నుంచి ఇంకో డ్రమ్ములోకి మార్చింది. "నాకు తెలుసు మమ్మీ."

"ఏం తెలుసు?"

"నేను పక్కన్నే కూర్చున్న కదా, ఆధార్ కార్డు పట్టుకొని. ఆ అక్క ఇంకా రాయాల్నా అంటే నువ్వు వద్దన్నవ్. అప్పుడే తెలుసు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే? డాడీ అన్ని మాటలంటుంటే కూడ..."

అది నీళ్ళ దిక్కు చూస్తనే ఉంది. "నేను పోతే లెక్కలు నువ్వు ఎవరితోని చేస్తవు? నువ్వొక్కదానివే ఉంటవు కదా."

డ్రమ్ము నిండి పొంగింది. ఇద్దరం చూసుకుంట నిలబడ్డం. నేను తనను ఆపిన అనుకున్న. నా బిడ్డ అంతకుముందే నా కోసం ఆగిపోయి కూర్చున్నది. నేను అమ్మ కోసం బ్యాగు గోడకు తగిలించినట్టే. ఎవరూ చెప్పకుండానే మా ఆడోళ్ళకు ఇది ఎట్ల వస్తదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏ పుస్తకం మొదటి పేజీలోనూ నేను చూడలేదు.

శనివారం ఏడింటికి సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకున్న. విన్సెంట్ డ్యూటీకి తయారవుతూ నా దిక్కు చూసిండు. "చెప్పిన కదా, పోవద్దని."

"చెప్పిన్రు," అన్న. చెప్పులు తొడుక్కున్న.

అత్తమ్మ మంచం మీద నుంచి లేచి, మార్క్‌ను నా చంక నుంచి తీసుకున్నది. మోకాళ్ళు టక్కుమన్నయి. "పో. సాక్ష్యం పేరు నేను ఇంకా కొట్టేపియ్యలే," అన్నది. అంతే. కొడుకు దిక్కు చూడలేదు.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నయి కానీ గాలి తెలుస్తలేదు. ముంగట గోడ మీద పెద్ద తెర, దాని మీద బళ్ళ పేర్లు, పక్కన మిగిలిన సీట్లు. పేరు పిలిచిన కొద్దీ అంకెలు తగ్గుతున్నయి. రాజనర్సయ్య బిడ్డకు వచ్చింది. ఆయన ఆ రోజు అరిచిన గొంతుతోనే ఇప్పుడు అందరికీ నమస్తే పెట్టుకుంట పోయిండు. నేను వాన చూసినట్టు ఆ అంకెలను చూస్తూ కూర్చున్న.

"షెర్లిన్, డెబ్భై నాలుగు."

ఇద్దరం బల్ల దగ్గరికి పోయినం. ఉదయలక్ష్మి నన్ను గుర్తుపట్టింది. "ఇంకా నాలుగున్నయమ్మా. ఇగో ఇది సిటీకి దగ్గర, గంట ప్రయాణం. కానీ పది వరకే, ల్యాబు ఇంకా కట్టలేదు. చివరిది ఆసిఫాబాద్ దిక్కు. రైలెక్కాలె. అక్కడ ఇంటర్ ఉంది, సైన్స్ మంచిగుంటది. చెప్పు పాపా, ఏది కావాలె?"

షెర్లిన్ తల తిప్పి నా మొహం చూసింది. కన్నార్పకుండ, ప్రశ్నలో దాగిన జవాబు వెతికినట్టు చూసింది. నా కండ్లల్ల ఏం కనబడిందో, మెల్లగ, "దగ్గరదే..." అని మొదలుపెట్టింది.

నేను దాని గదుమ పట్టుకొని మొహం తెర దిక్కు తిప్పిన.

"నా మొహం చూసి చెప్పకు. అది చదివి చెప్పు."

చెయ్యి తీసేసిన. ఇప్పుడు నాకు దాని రెండు జడలు, మెడ మీద చెమట మాత్రమే కనబడుతున్నయి. ఏం ఆలోచిస్తుందో తెలుసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకున్నది. అడగలేదు. వెనక లైనులో ఎవరో దగ్గిన్రు. షెర్లిన్ మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివింది, మళ్ళ కింది నుంచి పైకి చదివింది, తర్వాత చెయ్యెత్తి చివరి వరుసను చూపించింది.

"రైలుంది కదా మేడం దానికి?" అని అడిగింది ఉదయలక్ష్మిని. "ఎన్ని వంతెనలు దాటుతది?"

ఉదయలక్ష్మి నవ్వి నా ముందుకు ఫారం జరిపింది. తండ్రి లేదా తల్లి సంతకం అని ఉన్న చోట నా పేరు పూర్తిగా రాసిన. దాని కింద ఇంకా కొంచెం ఖాళీ ఉండె. నా బిడ్డ వంతెనలు లెక్కపెట్టి వచ్చి చెప్పేదాకా, సాయంత్రం ఆ అరగంటలో నా ప్రశ్నలు నేనే చదువుకుందామని అప్పుడే అనుకున్న.